బానే ఉందన్న పాపానికి

సెల్‌ఫోన్లు మామయ్యల చొక్కా జేబుల దాకా వచ్చి, అత్తయ్యల చేతుల్లోకి ఇంకా రాని కాలం అది. అప్పట్లో మా ఇంట్లో చుట్టాలకి పేర్లు ఉండేవి కావు, కూరలు ఉండేవి. "ఆదివారం గోంగూర రొయ్యలు వస్తోందట" అంటే రేపల్లె నుంచి మా మేనత్త దిగుతోందని, "చేపల పులుసుకి ఒంట్లో బాలేదట" అంటే బాపట్లలో బాబాయికి జ్వరమని అర్థం. ఒకరి కూర ఇంకొకరు వండకూడదు. ఎవరూ పెట్టని ఈ రూలు ఎవరూ దాటేవారు కాదు. మా తెనాలి ఇంట్లో అమ్మ రొయ్యలు విడిగా, గోంగూర విడిగా వండి, "కంచంలో ఎవరికి వాళ్ళు కలుపుకోండి, నాకు సంబంధం లేదు" అనేది. అమ్మ సొంత కూర గుత్తి వంకాయ. దానికి నాన్న ఇచ్చే బిరుదు ఒక్కటే, "బానే ఉంది." మాటల దగ్గర నాన్న పరమ పిసినారి. నెలకో రెణ్ణెల్లకో ఆ ముక్క ఆయన నోటి నుంచి రాలితే, అమ్మ సాయంత్రం దాకా కూనిరాగాలు తీసేది. కాబట్టి లోకంలో వంటకి అంతకు మించిన మెప్పు లేదని నమ్ముతూ పెరిగాను. (ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నా తరఫు వాదన మొత్తం దీని మీదే నిలబడి ఉంది.)

తెలుగు ఎమ్మే పూర్తవగానే రేపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. తెల్లారకముందే స్టడీ అవర్లు మొదలు, తెనాలి నుంచి రైల్లో వెళ్ళొస్తానంటే కుదరదు. నాన్న ఒకటే షరతు పెట్టారు. "అత్తయ్య ఇంట్లో ఉంటానంటే వెళ్ళు. లేదంటే ఇంట్లో కూర్చుని బ్యాంకు పరీక్షలు రాసుకో." లెక్కలంటే నాకు తేలుని చూసినంత భయం. పైగా ఆ కాలేజీలో మొదటి రోజే మీసాలొచ్చిన కుర్రాళ్ళు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నేను మాట్లాడుతుంటే ఎదురు మాట్లాడకుండా విన్న మొదటి మనుషులు వాళ్ళే. అలాంటి ఉద్యోగాన్ని ఎవరొదులుకుంటారు?

మొదటి ఆదివారం అత్తయ్య నా కోసమని గోంగూర రొయ్యలు చేసింది. అత్తయ్యకి ఒక అలవాటుంది. వడ్డించాక గరిటె పట్టుకుని మన నెత్తిమీదే నిలబడుతుంది. మొదటి ముద్ద గొంతు దిగి తీర్పు వెలువడే దాకా కదలదు. మామయ్య తల కంచంలో పెట్టి, ఏటిలో మునిగినవాడిలా తింటున్నాడు. 

"ఎలా ఉందే ప్లీడరూ?" అంది. (వాదించే పిల్లనని చిన్నప్పుడే పెట్టిన పేరు.)

నోటి నిండా అన్నం. ఆ పులుపు, ఆ ఎండుమిరపకాయల ఘాటు, మధ్యలో తియ్యగా తగిలే రొయ్య... కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద మాట తీసి వాడాను.

"బానే ఉందత్తయ్యా."

మామయ్య చెయ్యి నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

"బానే ఉందా?"

వినపడలేదేమో అనుకుని గట్టిగా చెప్పాను. "ఆఁ, బానే ఉంది."

"అంటే ఏంటి? తింటే చావం అనా?"

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "అది కాదత్తయ్యా, ఆ చివర ఉన్న 'ఏ' అవధారణార్థకం. నొక్కి చెప్పడానికి వాడతాం. 'రాముడే వచ్చాడు' అన్నామనుకో..."

"ఏ రాముడొచ్చినా నా కూర బాగుందనే తిని వెళ్ళాడు!"

(ఆ 'బాగుందనే'లో ఉన్నది కూడా అవధారణార్థకమే. చెబుదామని నోరు తెరిచాను. బల్ల కింద మామయ్య నా కాలు తొక్కాడు.)

అత్తయ్య అరవలేదు. అరిస్తే ఈ కథే లేదు. మర్నాడు పొద్దున్నే నా మంచం పక్కన మెత్తని గొంతు వినిపించింది. "లేచారా మేడమ్ గారూ? కాఫీ తాగుతారాండీ?" ఇంటికెవరో పెద్దమనుషులు వచ్చారనుకుని దుప్పటి సర్దుకుని లేచాను. గదిలో నేనూ అత్తయ్యే ఉన్నాం. అంతకుముందు రోజు దాకా "లేవవే మొద్దూ" అన్న మనిషి! మా వైపు పెద్దవాళ్ళు తిడుతున్నంత కాలం మనం ఇంటి పిల్లలం. 'మీరు' అన్నారంటే, చెప్పులు గుమ్మం బయట ఎక్కడ విడిచామో చూసుకోవాల్సిన రోజులు వచ్చాయన్నమాట.

ఆ వారమంతా పప్పు, చారు, మజ్జిగ. వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే అసలు భయం. ముద్ద నోట్లో పెట్టుకోగానే "పప్పు బానే ఉందాండీ?" అని వినయంగా అడిగేది. ఏమన్నా తప్పే. బాగుందంటే వెటకారం, బానే ఉందంటే పొగరు, తల ఊపితే "మాట కూడా దండగేనమ్మా మా మొహాలకి." క్లాసులో సంధులు చెబుతూ మధ్యలో ఆగిపోయి, అత్తయ్య ఈపాటికి నాన్నకి ఫోన్ చేసేసిందా అని లెక్కలు వేసుకునేదాన్ని. 

ఒక సాయంత్రం మామయ్య వరండాలోకి పిలిచి, లోపలికొకసారి తొంగి చూసి, రహస్యంగా ఓదార్చాడు. "పెళ్ళయిన కొత్తలో నేను 'పర్లేదు' అన్నానమ్మా. చాన్నాళ్ళు నన్ను 'ఏవండీ' అని పిలవలేదు. తలుపు కొడితే లోపల్నుంచి 'ఎవరండీ' అనేది." 

నాకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది.

గురువారం నేను భయపడుతున్నదే జరిగింది. కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి అత్తయ్య గొంతు. "మీ అమ్మాయికి మా తిండి సరిపడట్లేదురా తమ్ముడూ. పిల్ల చిక్కిపోతే రేపు మాట నా మీదకొస్తుంది. ఆదివారం వచ్చి తీసుకుపో." అవతల నాన్న ఏమనుంటారో నాకు తెలుసు. "సరే" అనుంటారు. అని, ఆ పక్క వీధిలో పుస్తకాల కొట్టుకి బ్యాంకు పరీక్షల గైడు కోసం బయల్దేరి ఉంటారు.

విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. మా వంశంలో అత్తయ్యని ఎదుర్కోగలిగినవాడు బాబాయి ఒక్కడే.

"నువ్వేమన్నావు?" అన్నాడు బాపట్ల నుంచి.

"బానే ఉందన్నాను."

"ఓరి నాయనో! 'నే' ఎందుకు వేశావే?"

"మా నాన్న అలాగే అంటారు కదా బాబాయ్!"

"మీ నాన్న మీ అమ్మతో అంటాడు, మా అక్కతో అనడు. అంత మతిపోలేదు అన్నయ్యకి." మార్గం కూడా ఆయనే చెప్పాడు. "ఆదివారం నేను పులుసు చేసి తీసుకొస్తా. అందరి ముందూ నువ్వు దానికి వంక పెట్టు. పులుపెక్కువైందను. అత్తయ్య రొయ్యల ముందు ఇదేం పనికొస్తుందను. దెబ్బకి చల్లబడుతుంది."

"నీకు కోపం రాదుగా?"

"చెప్పింది నేనేగా, నాకెందుకొస్తుందే పిచ్చిమొహమా!"

ఆదివారం నాన్న పొద్దుటి పాసింజర్లో దిగారు. చేతిలో ఖాళీ సూట్‌కేసు. కాసేపటికి చెరుకుపల్లి మీదుగా వచ్చే బస్సులో బాబాయి దిగాడు. చేపల పులుసు మట్టి దాకలో, దాక తెల్ల పంచెలో, పంచె మూట ఒళ్ళో. బస్సులో దారి పొడుగునా కండక్టరు "మాస్టారూ, మూత ఎప్పుడు తీస్తారు?" అని అడుగుతూనే ఉన్నాడట. అది చెబుతున్నప్పుడు ఆయన మొహంలోని వెలుగు చూసి నేను జాగ్రత్తపడి ఉండాల్సింది.

అందరం కూర్చున్నాం. అత్తయ్య నాకు వడ్డిస్తూ "మీకు ముక్క వేయమంటారాండీ, ఉత్త పులుసు చాలాండీ?" అంది. నాన్న కళ్ళు పైకెత్తారు. అక్క నోట తన కూతురికి 'అండీ' విని ఆయనకి పొలమారింది. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, అలాంటి పులుసు నేను జన్మలో తినలేదు. బాబాయి కన్ను గీటాడు. గోడ పక్కన సూట్‌కేసు నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది.

"పులుపెక్కువైంది బాబాయ్" అన్నాను.

ఆయన లోపల్లోపల నవ్వుకుంటూ తలూపాడు. అత్తయ్యలో చలనం లేదు. నాకు కంగారు పుట్టింది. కంగారు పుడితే నా నోరు నా మాట వినదు.

"ముక్క కూడా నీచు వాసనొస్తోంది."

బాబాయి మొహంలో నవ్వు ఆరిపోయింది. "నీచా?" అన్నాడు. ప్లాను, ఫోను అన్నీ మర్చిపోయాడు. "సూర్యలంకలో పడవ ఒడ్డుకి తగిలీ తగలకముందు దగ్గరుండి ఏరిన వంజరమే అది! నీచా?" 

నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్క వారంలో ఇద్దర్ని పోగొట్టుకున్న ఘనురాల్ని.

అప్పుడు గరిటె ఠంగుమని బల్లకి కొట్టుకుంది.

"నోర్ముయ్యవే!" అంది అత్తయ్య. "మా తమ్ముడి పులుసుకి వంక పెట్టేంతదానివయ్యావా నువ్వు? నిన్నగాక మొన్న జడ వేసుకోవడం నేర్చుకున్నదానివి! తినవే, నోరు మూసుకుని తిను! పాడు మొహమూ నువ్వూను!"

ఆ 'నోర్ముయ్యవే' ఎంత కమ్మగా ఉందో మీకు చెప్పలేను. ప్రతి 'వే'నీ తల వంచి అక్షింతల్లా తీసుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే అది పశ్చాత్తాపం అనుకుని అత్తయ్య ఇంకో ముక్క వేసింది.

నాన్న ఉండబట్టలేక అడిగారు. "మరి తీసుకెళ్ళనా అక్కయ్యా?"

"ఎక్కడికిరా తీసుకెళ్ళేది? నాలిక లేకుండా పెంచారు పిల్లని మొగుడూ పెళ్ళాలు. ఇక్కడే వదిలెయ్, దీన్ని నేను తిన్నగా చేస్తా."

నాన్న "సరే" అన్నారు. ఒక ముద్ద తిని, ఆలోచించి, "పులుసు బానే ఉంది" అన్నారు.

అత్తయ్య ఆయన వంక చూసింది, నా వంక చూసింది. "ఓసినీ! నీకు ఈ రోగం వీడి దగ్గర్నుంచి అంటుకుందా?" అని, గరిటె పట్టుకునే కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మామయ్య ఆ వారంలో మొదటిసారి కంచంలోంచి తల పైకెత్తాడు. 

నా ఉద్యోగం నిలబడింది. నాన్న సూట్‌కేసు నిండా గోంగూర పచ్చడి సీసాలతో తెనాలి వెళ్ళారు. 

బాబాయిని బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. ఒళ్ళో ఖాళీ దాక పెట్టుకుని కిటికీలోంచి అటువైపు చూస్తున్నాడు. 

"బాబాయ్, నువ్వు అనమంటేనేగా అన్నాను!" 

"పులుపు అనమన్నాను. నీచు అనమన్నానా?" 

"కంగారులో వచ్చేసింది బాబాయ్!" 

"లోపల లేంది నోట్లోకి ఎలా వస్తుందమ్మా?" 

బస్సు కదిలిపోయింది.

ఆ తర్వాత మా ఇళ్ళల్లో ఎన్ని శుభకార్యాలైనా పులుసు బాబాయిదే, వడ్డన ఆయనదే. వరసలో ఒక్కొక్కరికీ వేసుకుంటూ వచ్చి, నా విస్తరి దగ్గర మాత్రం ఆగి, "నీకు నీచు పడదు కదమ్మా, పప్పేసుకో" అని ఎంతో ప్రేమగా దాటిపోయేవాడు. నా పిల్లలకి కొసరి కొసరి వేసేవాడు. వాళ్ళ విస్తట్లోంచి దొంగతనంగా ముద్ద తీసుకోబోతే ఎక్కణ్ణుంచో కనిపెట్టి దగ్గేవాడు. ఉపాయం ఆయనది, అబద్ధం ఆయన నేర్పింది, శిక్ష మాత్రం నాకు. ఇది ఏ న్యాయమో ఆయన్నే నిలదీద్దామని ఏళ్ళ తరబడి పాయింట్లన్నీ కూడబెట్టుకున్నాను. ఈలోగా బాబాయి వెళ్ళిపోయాడు. ఇంత వయసొచ్చినా ఎవరితో వాదనకి దిగినా అవతలివాళ్ళని నోరెత్తనివ్వనని మా ఇంట్లో ఫిర్యాదు. నిజమే. కానీ ఈ ఒక్క తగువుకి మాత్రం ఆయనొచ్చి ఎదురుగా కూర్చుంటే, ముందు బాబాయినే మాట్లాడమంటాను.