ముప్పై రెండు ఖాళీ గళ్లు

సార్ పోయారన్న కబురు నాకు ఉప్పల్ కూరగాయల మార్కెట్లో తెలిసింది. ఒకప్పుడు కంపెనీలో నా పక్క టేబుల్ మీద పనిచేసిన అక్క టమాటాలు ఏరుతూ, "నీకెరుకనా? సార్ పోయిండంట. ఐదు రోజులాయె," అన్నది. సార్ ఉండే నాచారం నుంచి ఇప్పుడు మేముండే ఉప్పల్‌కు బస్సెక్కితే పావుగంట. ఆ కాస్త దూరం రావడానికి కబురుకు ఐదు రోజులు పట్టింది. తప్పుడు లెక్కల సార్ అని పేరు పడ్డ మనిషి గురించి ఎవరు చెప్తారు? ఆ పేరు ఎట్లా పడిందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. పెళ్లై నాచారం వచ్చిన ఏడాదికి, మా ఆయన మేనేజర్‌ను బతిమాలి అక్కడి కంపెనీ షెడ్డులో నన్ను తీగలు అతికే సోల్డరింగ్ పనికి పెట్టించాడు. నీళ్లలోకి శబ్దం పంపి అడుగున ఏముందో చూసే యంత్రానికి అక్కడ బోర్డులు చేసేవాళ్లం. యంత్రం తలలో ముప్పై రెండు క్రిస్టల్ బిళ్లలు ఒకే వరుసలో ఉంటాయి. ఏ బిళ్ల ఏ క్షణాన మోగాలో మా బోర్డు చెప్పాలి. ఆ లెక్కంతా మా ఇంజినీరు సార్‌ది.

"తల కదలదు గద సార్, శబ్దం పక్కకు ఎట్ల తిరుగుతది?" అని ఒకసారి గొణిగాను.

"పంద్రాగస్టు కవాతులో నడిచావా ఎప్పుడైనా?"

"నడిచిన సార్."

"పిల్లలంతా ఒకేసారి కదిలితే వరుస తిన్నగా పోతుంది. ఎడమ చివరి పిల్ల ముందు, పక్క పిల్ల రవ్వంత ఆగి, ఆ పక్కది ఇంకాస్త ఆగి కదిలితే? వరుస ఏటవాలై కుడికి తిరుగుతుంది. ఒక్క పిల్ల తొందరపడినా చెడుతుంది. అంతేనమ్మా మన పని."

చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని గానీ, ఏ తీగ ఏ క్షణాన మోగిందో తెర మీద చూపే స్కోపును ఆయన ముట్టుకునేవారు కాదు. ప్రతి బోర్డుకూ గ్రాఫు కాగితం మీద ఏ బిళ్ల ఎంత ఆగాలో ముప్పై రెండు అంకెలు రాసి, పక్కన రెండు వరుసల గళ్లు గీసేవారు. స్కోపు మీద కనబడిన అంకెను నేను పైకి చదవాలి, ఆయన నీలం టిక్కు పెడతారు. తర్వాత ఆయన చదవాలి, నేను ఎర్ర టిక్కు పెట్టాలి. రెండు టిక్కులూ పడితేనే బోర్డు బయటికి పోవాలి. "చూసింది నోటితో చెప్పాలమ్మా. పక్క టేబుల్‌కు వినబడాలి," అనేవారు.

"అయ్యో సార్, గది మొగుని ముందలే నోరిప్పది!" అని అక్క అంటే అందరూ నవ్వేవాళ్లు. సార్ కూడా.

ఒకసారి భార్యకు ఆపరేషనని సార్ మూడు రోజులు సెలవు పెట్టారు. అప్పుడే యంత్రం తల వేరే షెడ్డు నుంచి వచ్చింది. మర్నాడు దాన్ని చూడడానికి కొనేవాళ్లు వస్తున్నారు. తలను వెనక నుంచి చూసి లెక్కపెట్టాలనేది సార్ పద్ధతి. బోర్డు నుంచి వచ్చే మొదటి తీగకు ఎర్ర చుక్క కూడా పెట్టి పోయారు. కానీ వచ్చిన తలకు అంకెలు ముందువైపు వేసి ఉన్నాయి. మేనేజర్ దాన్ని వెల్లకిలా పెట్టి, "ఒకటి ఇక్కడున్నది. ఇక్కడ్నుంచే అతుకు," అన్నాడు.

జాకెట్టు తిరగేస్తే ఎడమ చెయ్యి కుడివైపు వస్తుంది. ఆ మాత్రం నాకు తెలుసు.

"సార్ పెట్టిన చుక్క అటు చివరున్నది..."

"చుక్కలతోని నీకేం పని? చెప్పింది చెయ్."

చేశాను. ముప్పై రెండు తీగలూ శుభ్రంగా, తిరగేసి.

నీళ్ల తొట్టిలో శబ్దాన్ని ఎడమకు పొమ్మంటే కుడికి పోయింది. వచ్చినవాళ్ల ముందే మేనేజర్, "అంకెలు తప్పు రాసిండు," అన్నాడు. సెలవు నుంచి వచ్చాక సార్ మమ్మల్నందరినీ నిలబెట్టి, "తీగల వరుస ఎవరైనా మార్చారా?" అని అడిగారు. ఆయన వెనక నిలబడి మేనేజర్ నన్నే చూస్తున్నాడు. నేను నేల చూశాను. నా పని పోతుందని భయం, మా ఆయన ఏమంటాడోనని భయం. పక్క టేబుల్ నుంచి అంతా విన్న అక్క కూడా నేలే చూసింది.

సార్ రెండు రోజులు ఒక్కరే కూర్చుని అంకెలన్నీ మళ్లీ సరిచూశారు. తర్వాత తల విప్పారు. నా టేబుల్ దగ్గరికొచ్చి, "నీ చేతి పని ఎక్కడున్నా గుర్తుపడతానమ్మా," అన్నారు. ముప్పై రెండు తీగలూ తనే ఊడదీసి అతికారు. శబ్దం ఎడమకు పోయింది. ఒక్క అంకె కూడా మారలేదు. మేనేజర్ మాత్రం రిపోర్టులో 'అంకెలు సరిదిద్దబడినవి' అని రాసుకున్నాడు. సార్‌ను స్టోర్లో మరలు లెక్కపెట్టే పనికి వేశారు. కొన్నాళ్లకు ఆయనే మానేశారు. నేను కడుపుతో ఉండి మానేశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆయన గల్లీ ముందు నుంచి పోయానో. ఒక్కసారీ లోపలికి తిరగలేదు.

పదకొండో రోజు కర్మకు సార్ ఇంటికి పోయాను. మేనేజర్ కుర్చీలో కూర్చుని చుట్టాలతో, "మంచి మనిషి. ఒక్కసారి లెక్క తప్పిండు గని..." అంటున్నాడు.

"లెక్క తప్పలే," అన్నాను. "తీగలు నేనే తిప్పి అతికిన. మీరు చెప్తేనే."

పక్క టేబుల్‌కు వినబడేంత గట్టిగానే అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. మేనేజర్ గడియారం చూసుకుని, "గవన్నీ ఇప్పుడెందుకమ్మా," అంటూ చెప్పులు వెతుక్కున్నాడు.

సార్ భార్య నన్ను లోపలికి పిలిచారు. "ఆయనకు తెలుసమ్మా. నువ్వే వచ్చి చెబుతావని చాలా రోజులు చూశారు," అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. బీరువాలోంచి ఒక గ్రాఫు కాగితం తీసి ఇచ్చారు. ఆ రెండు రోజులు సార్ ఒక్కరే సరిచూసిన అంకెలు. ముప్పై రెండు నీలం టిక్కులు. పక్కన నా గళ్లు కూడా గీసి ఉంచారు, ఖాళీగా.

ఆ కాగితం ఇప్పుడు మా పెట్టెలో చీరల కింద ఉంది. ఎర్ర పెన్ను ఇంట్లోనే ఉంది. టిక్కు పెట్టాలంటే, అవతల కూర్చుని ఆయన అంకె చదవాలి.