శుక్రవారం పిన్నీసు

పోయిన ఎండాకాలం మా బండికి కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే లేస్తుంది. మధ్యాహ్నం పాల క్యాన్లు తగిలించుకుని మాదన్నపేటలో బయలుదేరితే యాకుత్‌పురా స్టేషన్ దాటేదాకా బుద్ధిగానే నడుస్తుంది. దబీర్‌పురా వచ్చేసరికి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఇక కాలు విరిగేలా కిక్కు కొట్టినా లేవదు. పక్కకు తోసుకెళ్లి, నీడ చూసుకుని, దాన్నీ ఎండనూ కలిపి కాసేపు తిడితే, మళ్లీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. చెయ్యి పెడితే ఇంజను కాలిపోతూ ఉంటుంది కాబట్టి వేడికే ఆగుతోందని అందరం అనుకున్నాం.

మాది పాల ఇల్లు. మా తాత రోజుల నుంచీ ఇంటి వెనక రేకుల కొట్టంలో బర్రెలున్నాయి. పొద్దుటి పాలు చుట్టుపక్కల ఇళ్లకు సరిపోతాయి. మధ్యాహ్నం పితికినవన్నీ ఉస్మాన్‌గంజ్‌లో ఒక చాయ్ హోటలుకు పోతాయి. హమాలీలు, దుకాణాల వాళ్లు సాయంత్రం చాయ్‌కి ఎగబడే వేళకు అవి అక్కడ ఉండాలి. నడిరోడ్డు మీద ఎండలో ఆగిన బండికి వేలాడుతూ పాలు ఎంతసేపని తాళుతాయి? ఒకే వారంలో రెండుసార్లు విరిగాయి. హోటల్ భాయ్ మంచివాడే, కానీ చాయ్ ఆయన పరువు.

"దేఖో భాయ్, ఔర్ ఏక్ బార్ దూద్ ఫటా తో మై పాకెట్ లేలూంగా. బురా మత్ మానో," అన్నాడు.

ఇంకోసారి పాలు విరిగి ఆయన పాకెట్ పాలకు మళ్లితే మా మధ్యాహ్నం పాలు అడిగేవాళ్లు లేరు. ఒక బర్రెను అమ్ముకోవలసిందే. అమ్మితే వయసులో ఉన్నదే ధర పలుకుతుంది. వయసులో ఉన్నది మా ఆవిడ బర్రె. దాని తల్లి ఈనుతూనే చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి ఆమే సాకింది. నేను పిలిస్తే అది చెవి కూడా ఆడించదు. ఆమె గాజుల చప్పుడు వినిపిస్తే లేచి నిలబడి అరుస్తుంది. శుక్రవారం బేరగాడు చూడటానికి వస్తాడని చెప్పినప్పుడు ఆమె నాతో లొల్లి పెట్టుకోలేదు. కొట్టంలోకి పోయి దాని మెడ గోకుతూ కూర్చుంది. అంతకంటే లొల్లే నయమనిపించింది నాకు.

బండిని సందు చివర మెకానిక్ భాయ్‌కి చూపించకుండా ఏమీ లేను. మా నాన్న స్కూటరు కాలం నుంచీ మా బండ్లకు ఆయనే వైద్యుడు. ఏ బండి వచ్చినా ముందు ట్యాంకు మూత తీసి, లోపలికి తొంగి చూసి, బండిని అటూ ఇటూ ఊపి పెట్రోలు చప్పుడు వింటాడు. ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు. ప్లగ్గు మార్చాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. కాయిలు కొత్తది వేశాడు. ప్రతిసారీ మూత బిగించి, గల్లీలన్నీ ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. ఆయన కింద అది ఒక్కసారీ ఆగలేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గినట్టే.

"ఇంజన్ గరమ్ అయితుంది భాయ్. జర ఆగి ఆగి నడుపు," అన్నాడు.

"ఆగుడు నేను నేర్పాల్నా దానికి? దానంతలదే ఆగుతుంది," అని నేను విసుక్కుని వచ్చేశాను.

మా ఆవిడ వైద్యం వేరు. శుక్రవారం దీపం పెట్టాక గడపకూ, బర్రెల నొసటికీ, బండికీ పసుపు కుంకుమ పెట్టడం ఆమె అలవాటు. బండికి ట్యాంకు మూత మీదే పెడుతుంది. దాని నొసలు అదేనట. "పెట్రోలు పోసేటోడు ముందుగాల దండం పెట్టుకోవాలె ఇగ," అని నేను ఏడిపిస్తూ ఉండేవాణ్ని. బండి ఆగడం మొదలయ్యాక దిష్టి తగిలిందని తేల్చేసింది. హ్యాండిలుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. శుక్రవారానికి మంగళవారం తోడయింది. తడి పసుపు ముద్ద చేసి, కడగకుండానే పాత బొట్టు మీద కొత్త బొట్టు మెత్తేది. బండి ఆగినకొద్దీ బొట్టు మందమైంది. చివరికి అది మూత మీద చిన్న పూరీ పెట్టినట్టు కనిపించసాగింది.

బేరగాడు రావలసిన ముందురోజు పొద్దున మా ఆవిడ పల్లినూనె డబ్బా నా ముందు పెట్టి, క్యానులోకి ఒంపమంది. నా మనసంతా మధ్యాహ్నం పాల మీద ఉంది. కోపం నా ముక్కు మీద ఉంది. మేకు పెట్టి సుత్తితో ఒక్క పోటు పొడిచి డబ్బాను వంచాను. నూనె గుడగుడమని కాస్త వచ్చి ఆగింది. డబ్బాను ఊపాను. ఇంత నూనె బండల మీద పడింది గానీ క్యానులో పడలేదు.

"ఒక్క బొక్క కొట్టి నూనె ఒంపుతరా ఎవరన్న?" మా ఆవిడ గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అవతలి మూలకు ఇంకోటి కొట్టు. గాలి లోపటికి పోతేనే గదా నూనె బయటికొచ్చేది."

రెండో చిల్లు పొడిచాను. నూనె సన్నటి తీగలా, చప్పుడు లేకుండా దిగింది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"బండి ట్యాంకు గూడ డబ్బానే గదా," అన్నాను.

"అయితే ఏంది?"

"పెట్రోలు కిందికి దిగుతుంటది. మరి గాలి లోపటికి యాడికెళ్లి పోతది? భాయ్ దగ్గరికి పోయినప్పుడల్ల ముందుగాల మూత తీస్తడు. గాలి లోపటికి పోతది. అందుకే ఆయన తాన ఆగదు. రోడ్డు మీద నేను తిట్టుకుంట నిలబడ్డంతసేపు కొంచెం కొంచెం గాలి దూరుతుంది, మళ్ల లేస్తది." నాకు మాట తడబడుతోంది. "మూతకు యాడనో బొక్క ఉండాలె. యాడుంటదో."

"ఉంటది," అంది ఆమె, నూనె తుడుస్తూనే. "తాళంచెవి పెట్టే తాన, పక్కకు, సన్నగ. బొట్టు పెట్టేటప్పుడు వేలికి తగుల్తుండె. ఇప్పుడు తగుల..."

తుడిచే చెయ్యి ఆగిపోయింది.

ఇద్దరం వాకిట్లో ఉన్న బండి వైపు చూశాం. మూత మీద పచ్చగా, ఎర్రగా, పూరీ. బండి ఆగినకొద్దీ బొట్టు మందమైందని ఇన్నాళ్లూ చూశాం గానీ, బొట్టు మందమైనకొద్దీ బండి ఎక్కువసార్లు ఆగిందని ఇద్దరికీ తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

ఇంకోరోజైతే నేను ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ని. ఆ రోజు కోపం రాలేదు. ఆమె మొహం చూశాక జాలే కలిగింది.

"నా చేతులతోటి నేనే నా బర్రెను అమ్ముకుంటుంటిని గద," అంది.

"ఇంక అమ్మలేదు గదా. లే," అన్నాను.

లేచింది. తడిగుడ్డతో బొట్టు నానబెట్టి, పెచ్చులు పెచ్చులుగా గోరుతో గీరింది. ఆమె గాజులకు ఎప్పుడూ ఒక పిన్నీసు వేలాడుతుంటుంది. అది తీసి సన్నటి చిల్లులో గుచ్చి గుచ్చి తిప్పింది. ఎన్నో శుక్రవారాల పసుపు పొడి రాలింది. నేను మూత విప్పి, దాని కింద అరచెయ్యి పెట్టాను. ఆమె పైనుంచి నోరు పెట్టి ఊదింది. మొదటిసారి ఏమీ లేదు. మళ్లీ పొడిచి మళ్లీ ఊదింది. ఆమె ఊపిరి వెచ్చగా నా అరచేతికి తగిలింది.

మధ్యాహ్నం "నేను గూడ వస్త" అని రెండు క్యాన్ల నడుమ ఇరుక్కుని వెనక కూర్చుంది. ఎండ మండిపోతోంది. యాకుత్‌పురా స్టేషన్ దాటాం. దబీర్‌పురా దగ్గర ఆమె వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. అక్కడే ఆటోలు అడ్డం పడి బండి నెమ్మదించింది. నా గుండె కూడా నెమ్మదించింది. బండి మాత్రం దగ్గలేదు. అలాగే చాదర్‌ఘాట్ దాటింది, అలాగే ఉస్మాన్‌గంజ్ చేరింది.

"అరే, ఆజ్ భాభీ భీ ఆయే!" అని హోటల్ భాయ్ మాకు బల్ల తుడిపించి చాయ్ తెప్పించాడు. మా ఆవిడ కప్పు ముట్టుకోలేదు. పొయ్యి మీద మా పాలు పొంగు వచ్చి, విరగకుండా తెల్లగా నిలబడేదాకా చూసింది. భాయ్ గరిటెతో ఒకసారి ఎత్తిపోసి, "కల్ భీ టైమ్ పే లావ్," అన్నాడు. రేపటి పాలూ మావే. అప్పుడు తాగింది, చల్లారిన చాయ్‌ని. అంత హాయిగా చాయ్ తాగిన మనిషిని నేను చూడలేదు.

వచ్చేటప్పుడు మెకానిక్ భాయ్‌కి చెబితే పడీ పడీ నవ్వాడు. అప్పటి నుంచి ఎవరు బండి తెచ్చినా, "పహ్లే బోలో, ఘర్ మే పూజా కౌన్ కర్తే?" అని, ఇంట్లో పూజ చేసేదెవరో ముందు అడుగుతున్నాడు.

తెల్లారి శుక్రవారం. బేరగాడు వస్తే మా ఆవిడే ఎదురుపోయి, "అమ్ముతలేం అన్నా. మజ్జిగ తాగి పో," అని పంపించింది. తర్వాత పళ్లెం పట్టుకుని గడపకు పెట్టింది. బర్రె నొసటికి పెట్టింది. బండి దాకా వచ్చి నిలబడింది. మూత వైపు చూసి, పళ్లెం కొంగు చాటు చేసుకుని వెనక్కి తిరిగింది.

నేను క్యాన్లు తగిలించి కిక్కు మీద కాలు పెట్టాను. కొట్టలేకపోయాను. ఇన్నేళ్లూ ఆ బొట్టును నవ్వులాట చేసినవాణ్ని, అది లేని మూత చూస్తే నాకు దిగులేసింది.

"ఏందే, నా బండేం పాపం చేసింది? వట్టి మొహంతోటి పంపుతవా?"

"నీకు నవ్వులాటనే."

"నవ్వులాట గాదు. పెట్టు."

ఆమె నన్ను కాసేపు అనుమానంగా చూసింది. బండి చుట్టూ తిరిగి, ముందు చక్రం మడ్‌గార్డు మీద వేలితో తుడిచి, చిన్నగా, గుండ్రంగా పెట్టింది. పోతున్నదల్లా ఆగి, గాజుల నుంచి పిన్నీసు తీసి మూత చిల్లులో ఒక్కసారి పొడిచి, ఉఫ్ అని ఊదింది. ఇప్పటికీ ప్రతి శుక్రవారం ముందు పిన్నీసు, తర్వాతే బొట్టు.

కిక్కు కొట్టాను. ఒక్కదానికే లేచింది. పిన్నీసు మళ్లీ తగిలించుకుంటుంటే ఆమె గాజులు గలగలమన్నాయి. కొట్టంలో బర్రె లేచి నిలబడి అరిచింది.