బస్టాండు విన్న రహస్యం

ఎవరికీ చెప్పనని మాటిచ్చిన విషయాన్ని ఇల్లందు బస్టాండు మొత్తానికి వినిపించిన ఘనుణ్ని నేను. అదీ కౌన్సెలర్‌గా మొదటి రోజున! ఎట్లా వినిపించానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకైతే అప్పుడు చెమటలు పట్టాయి.

బొగ్గు బాయిలో యంత్రాల పక్కన సగం జీవితం గడిపినవాణ్ని. అక్కడ మంచినీళ్లు అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. ఆ పని వదిలేసి, ఖమ్మంలో కౌన్సెలింగ్ కోర్సు చేశాను. క్లాసులో నన్ను ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చోబెట్టేవారు. నా వయసుకిచ్చే మర్యాద అనుకుని మురిసిపోయాను! పాఠాలన్నిట్లోకీ నాకు నచ్చిందొకటుంది. వచ్చినవాళ్లు చెప్పింది మనం మళ్లీ వాళ్లకే చెప్పాలి. అప్పుడు తమ మాట విన్నారన్న ధైర్యం వాళ్లకొస్తుందట.

బస్టాండు ఎదురుగా, టీ హోటల్ పైన గది కిరాయికి తీసుకున్నాను. బోర్డు కట్టిన రోజు నా సంబరం చూడాలి! కుర్చీలో కూచోవడం, లేవడం, కిందికెళ్లి బోర్డు చూసి రావడం. ఆ సంబరంలో కిటికీ వేయడం మరిచాను.

అంతలో రాజయ్య వచ్చాడు. కుర్రవాడు, బాయి పనివాడే. కూచోగానే మొదలుపెట్టాడు.

"సార్, మా స్వరూప బోనకల్‌కు, తల్లిగారింటికి పోతున్నది. ఇగ రానన్నది. కింద ఖమ్మం బస్సుల కూసున్నది."

"ఏమైంది తమ్ముడూ?"

"ఇది మనిద్దరి మధ్యనే ఉంటదా?"

"నా పానం పోయినా బయటికి పోదు!"

రాజయ్య దగ్గరకు జరిగి మెల్లగా చెప్పాడు. "బామ్మర్ది ఇంట్ల దావత్ సార్. అందరి ముంగట, ఆమె వండిన కోడికూర కంటే మా క్యాంటీన్ సాంబారు నయమన్న."

పాఠం గుర్తొచ్చింది. ముందుకు వంగి, నాకు చేతనైన అతి మెత్తని గొంతుతో అన్నాను. "అంటే, నీ భార్య కోడికూర కంటే క్యాంటీన్ సాంబారు నయమన్నవ్!"

కింద టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఆహా, ఎంత ప్రశాంతమైన చోటు దొరికింది నాకు అనుకున్నాను.

"నవ్విద్దామని అన్న సార్. ఆమె ఏడ్చింది."

"నవ్విద్దామన్నవ్, ఆమె ఏడ్చింది!"

"అయ్యో పాపం!" అని కిటికీలోంచి ఎవరిదో గొంతు. రాజయ్య ఉలిక్కిపడ్డాడు. నేను మాత్రం మంచి ఊపు మీదున్నాను.

"మరి తప్పయిందని చెప్పినవా?"

"నోరు పెగల్తలేదు సార్. డ్యూటీ నుంచి వస్తే ఆమె తలుపు తీస్తది గదా, ఆ మొఖం చూస్తేనే బాయిలకెళ్లి బతికొచ్చిన అనిపిస్తది. గా మాట గూడ ఎన్నడు చెప్పలె."

ఎంత మంచి మాట! నా కళ్లు చెమర్చాయి. ఆ ఉద్వేగంలో ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పాను.

"ఆమె మొఖం చూస్తేనే బాయిలకెళ్లి బతికొచ్చిన అనిపిస్తది! గా మాట గూడ ఎన్నడు చెప్పలె!"

"సార్, జర ఆగున్రి!" కింద నుంచి కండక్టర్ కేకేశాడు. "అక్క బస్సు దిగుతున్నది!"

అప్పుడు వెలిగింది నాకు. కిటికీ బార్లా తెరిచే ఉంది.

"మనిద్దరి మధ్యనే అంటివి గద సార్!" అని రాజయ్య తల పట్టుకున్నాడు. మొదటి రోజే దుకాణం మూతపడ్డట్టే అనుకున్నాను.

స్వరూప బ్యాగుతో సహా మెట్లెక్కి వచ్చింది. నా వైపు చూడనే లేదు.

"గా మాట నీ నోటితోని చెప్పు," అంది మొగుడితో.

రాజయ్య నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. చివరికి ఎంత మెల్లగా చెప్పాడంటే, పక్కనే ఉన్న నాకే వినపడలేదు. ఆమెకు వినపడింది. ఏడుస్తూనే నవ్వింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"మాకు వినవడలే!" అని బస్టాండు అరిచింది. "సార్, మీరు మళ్లొకసారి చెప్పున్రి!"

రాజయ్య బ్యాగు అందుకుని బయటికి నడిచాడు. వెంట వెళ్తూ స్వరూప గుమ్మం దగ్గర ఆగింది. "అన్నా, నీకు దండం పెడత, ముందుగాల గా కిటికీ వెయ్యి."

వెంటనే వేశాను, గడియ కూడా పెట్టాను. గుండె మీద చెయ్యేసుకుని, నాలో నేను గొణుక్కున్నట్టుగా ఒట్టు పెట్టుకున్నాను. "ఇక ఈ జన్మలో ఎవరి రహస్యాన్నీ ఈ గది దాటనివ్వను."

"మంచిది సార్!" అన్నాడు కింద నుంచి టీ హోటలాయన.