మిల్లు కాలేజీ సంతకం

మా పిన్నిని నీటి సరఫరా ఆఫీసులో అందరూ మిల్లమ్మ అంటారు. అది ఆవిడ పేరూ కాదు, ఇంటిపేరూ కాదు, ఆవిడ చదివిన కాలేజీ. మా వైపు కొత్త మనిషి కనబడితే ముందు అడిగేది ఏ కాలేజీ అని. జవాబు నోట్లోంచి వచ్చీ రాకముందే మన తెలివి ఎంత, నడత ఎలాంటిది, ఎంత దూరం పోతాం అన్నీ అవతలివాళ్లు తేల్చేసుకుంటారు. ఆ తర్వాత మాట్లాడేదంతా మర్యాద కోసమే.

రాష్ట్రమంతా పేరు మోగినవి మూడు. గుట్ట కాలేజీ వాళ్లకు మెడ కిందికి వంగదు. ఏటి ఒడ్డు కాలేజీ వాళ్ల దగ్గర పుస్తకం లేకపోయినా దువ్వెన ఉంటుంది. ఇక ఊరి చివర, మూతపడ్డ నూలు మిల్లులో పెట్టిన మిల్లు కాలేజీ గురించి పలక పట్టే పిల్లలకు కూడా ఒక జోకు తెలుసు. “నీకు మిల్లు కాలేజీలో సీటెలా వచ్చింది?” “బస్సులో నిద్రపోయాను. చివరి స్టాపులో లేపి చేర్చుకున్నారు.” ఈ జోకు నేను పిన్ని ముందే పదిసార్లైనా చెప్పి ఉంటాను. నేను గుట్ట కాలేజీ. ఆ సంగతి ఇంతసేపు చెప్పకుండా ఆగానంటే మావాళ్లలో నేను కాస్త నయమని అర్థం.

“గుట్ట ఎక్కడానికి మార్కులు చాల్లేదు, ఏటి ఒడ్డున తిరగడానికి బట్టలు చాల్లేదు, వచ్చి మిల్లులో పడ్డా” అంటుంది పిన్ని. మగ్గాలు తీసేసిన పొడుగాటి షెడ్డులో వాళ్ల కెమిస్ట్రీ లాబు. బల్లకు పదహారు మంది, పదహారు మందికీ నాలుగు బీకర్లు. మా గుట్ట మీదైతే కడిగి ఆరబెట్టిన గాజు సామాను అటెండరు తెచ్చి చేతికిచ్చేవాడు. అక్కడ ముందువాడు వదిలేసిందే తరువాతివాడికి. అందుకని వాళ్ల మాస్టారు మొదటి రోజే ఒక నియమం పెట్టాడట. ఎవరు కడిగినా సరే, నీ చేతికొచ్చాక మళ్లీ నువ్వు కడగాలి, మూడుసార్లు. మూడేళ్లు అలా కడిగీ కడిగీ ఆ పని పిన్ని చేతుల్లో ఇంకిపోయింది. ఇప్పటికీ ఇంట్లో కడిగి బోర్లించిన గ్లాసును మూడుసార్లు తొలవనిదే ఎవరికీ మంచినీళ్లివ్వదు.

పంపుల గది వెనకున్న పరీక్షల గదిలో ఆవిడకు ఉద్యోగం వచ్చింది. పంపులు తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా అదురుతూ ఉంటుంది, అరల్లో సీసాలు ఒకదానికొకటి తగిలి గణగణమంటాయి. చేరిన రోజున అప్పటి ముసలి ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న మీకు తెలిసిందే. పిన్ని చెప్పింది. “సరేనమ్మా. పరీక్ష నువ్వు చెయ్యి. సంతకం గుట్ట కాలేజీ వాళ్లెవరో ఒకరు పెడతారులే” అన్నాడాయన. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. కానీ పందొమ్మిదేళ్లు అలాగే సాగింది. ఊళ్లోని కొళాయిలన్నీ తిరిగి నీళ్లు తెచ్చేది పిన్ని, పరీక్షించేది పిన్ని, రిపోర్టు రాసేది పిన్ని. అడుగున సంతకం మాత్రం గుట్ట కాలేజీది. ఇప్పుడు సంతకం పెడుతున్న గుట్ట సారు ఆవిడకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. చెడ్డవాడేం కాదు. చదవకుండా సంతకం పెట్టే మంచివాడు.

నా పరీక్షకు నా సంతకమే ఉండాలని పిన్ని ఏటేటా ఒక అర్జీ పెట్టేది. “పరిశీలనలో ఉంది” అని ఏటేటా జవాబొచ్చేది. నాకు ఒళ్లు మండి, “పోనీలే పిన్నీ, జీతం వస్తోందిగా” అన్నాను ఒకసారి. “జీతం చేసిన పనికి. సంతకం చేసిన మనిషికి” అంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని మా అమ్మ చెల్లెల్ని తిట్టేది. నాకూ అలాగే అనిపించేది.

నిరుడు కొత్త పెద్ద ఇంజనీరు వచ్చాడు. పందొమ్మిదో అర్జీ ఆయన బల్ల మీద పడింది. పాత అర్జీలన్నీ తెప్పించుకుని చదివి, పిన్నిని పిలిచాడు. “ఒక నెల చూస్తానమ్మా. ఇన్నాళ్లూ బయటి లాబుకు పంపుతున్న క్రిముల పరీక్ష కూడా ఈ నెల మీరే చెయ్యండి. ఒక్క తప్పు కూడా లేకపోతే ఒకటో తారీఖు నుంచి సంతకం మీదే” అన్నాడు. పిన్ని ఇంటికొచ్చి ఆ మాట రెండుసార్లు చెప్పింది. ఆవిడ చెప్పిందే మళ్లీ చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

ఆ నెల ఇరవై రోజులు నిక్షేపంగా గడిచాయి. అప్పుడు మురుగు కాలవ పక్కనున్న ఒక వీధిలో తాగునీటి పైపు పగిలింది. పైపు మార్చి, క్లోరిన్ దండిగా పోసి కడిగారు. నీళ్లు బాగున్నాయని కాగితం వచ్చేదాకా వీధివాళ్లు ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడాల్సిందే. గురువారం పిన్ని ఆరు కొళాయిల దగ్గర ఆరు సీసాలు పట్టుకొచ్చింది. శనివారానికి ఆరూ శుభ్రమని తేలింది. గుట్ట సారు ఎప్పట్లాగే సంతకం గీకాడు. సోమవారం పొద్దున్నే ఆ వీధికి నీళ్లు వదలాలని ఉత్తర్వు వెళ్లింది.

ఆదివారం పొద్దున నేను పిన్ని ఇంటికి వెళ్లాను. అంట్లు తోముతానని నేనే కూర్చున్నాను. నేను కడిగి పెట్టిన గ్లాసులు ఒక్కొక్కటే తీసి ఆవిడ మళ్లీ కొళాయి కింద పెట్టి తొలుస్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“కడిగినవే మళ్లీ కడుగుతావేంటి పిన్నీ? నీ మిల్లు చేతులకు మందు సీసా ఇచ్చినా, మందు పారబోసి మూడుసార్లు కడిగిపెడతావు!”

పిన్ని నవ్వలేదు. చేతిలో గ్లాసు అలాగే ఉంది. దాంట్లోంచి నీళ్లు పొంగి మోచేతి మీదుగా కారుతున్నా కొళాయి కట్టలేదు.

విషయం ఆవిడే చెప్పింది, ముక్కలు ముక్కలుగా. మామూలు పరీక్షకు తెచ్చే సీసాను కొళాయి దగ్గర అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపాలి. క్రిముల పరీక్ష సీసాను మాత్రం తొలవకూడదు, దాంట్లో ముందే రెండు చుక్కల మందు వేసి ఉంచుతారు. నీళ్లలోని క్లోరిన్‌ను ఆ మందు అక్కడికక్కడే కట్టేస్తుంది. మందు పోతే క్లోరిన్ సీసాలో కూడా తన పని తను చేసుకుపోతుంది. కొళాయిలో క్రిములున్నా సీసాలోవి లాబుకు చేరేలోపు చస్తాయి, నీళ్లు శుభ్రమని తేలుతుంది.

“నువ్వు తొలిచావా?”

“నాలుగో ఇంటావిడ అంది. అన్ని నీళ్లు పారబోస్తారేంటమ్మా, మేమిక్కడ బిందె నీళ్లకు కొట్టుకుంటుంటే, అని. తొలవకపోతే ఆ మాట ఎందుకంటుంది?” అంది పిన్ని. “ఈ ఇరవై రోజులూ తెలిసే ఆగాను. ఆ రోజు ఎండలో తిరిగి తిరిగి ఏమరుపాటున చేతులు వాటి పని అవి చేసేసుకున్నాయి.”

నేనొక తెలివైన ఉపాయం చెప్పాను. గుట్ట కాలేజీలో ఇలాంటివి బాగా నేర్పుతారు. “మళ్లీ సీసాలు పట్టుకురా. గుట్టు చప్పుడు కాకుండా పరీక్ష చెయ్యి. బాగుంటే సరేసరి, లేకపోతే అప్పుడు చెబుదువుగాని. ఇంకో వారమేగా.”

“ఇవాళ పెడితే రేపు మధ్యాహ్నానికి గానీ తేలదు. రేపు పొద్దున్నే వాల్వు తిప్పుతారు. కాగితం లేనిదే ఆపరు” అంటూ చేతులు తుడుచుకుని చెప్పులేసుకుంది.

ముందు గుట్ట సారు ఇంటికి వెళ్లాం. ఆయన అంతా విని కుర్చీలోంచి లేచాడు.

“ఎవరూ అడగలేదు కదండీ! గుమ్మడికాయల దొంగంటే మీరెందుకు భుజాలు తడుముకోవడం?”

“నేనే దొంగను సార్. అందుకు.”

“రిపోర్టు మీద ఉన్నది నా సంతకం. ఇప్పుడు మీరు తప్పంటే, నేను చూడకుండా పెట్టాననేగా?”

“పెట్టారు కదా సార్.”

ఆయన ముఖం ఎర్రబడింది. “మీరేం రాసిచ్చినా నేను మాత్రం దాని మీద సంతకం పెట్టను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?”

“తొక్కేశాను సార్. ఇప్పుడిక కడగాలి” అని పిన్ని మెట్లు దిగింది.

ఆఫీసులో ఆదివారం డ్యూటీ గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. పిన్ని బల్ల ముందు నిలబడి, రిపోర్టులు రాసే ఫారం తీసుకుని రాసింది. నేను పక్కనే ఉండి చదివాను. “తప్పు నాది. గురువారం నేను తెచ్చిన ఆరు సీసాలను అలవాటు కొద్దీ తొలిచాను. తొలవకూడదు. కాబట్టి శనివారం ఇచ్చిన రిపోర్టు చెల్లదు. మళ్లీ పరీక్ష అయ్యేవరకు ఆ వీధికి నీళ్లు వదలవద్దు.” కింద సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, తొందర లేకుండా. సంతకం కింద తన కాలేజీ పేరు మొత్తం రాసింది. ఎందుకు రాశావని నేను కళ్లతోనే అడిగాను. “ఎలాగూ అడుగుతారు” అంది.

గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. “గుట్ట సారు సంతకం ఏదండీ? అది లేకుండా నేను తీసుకోకూడదు.”

“ఏం రాసుందో చదివావా బాబూ?”

“చదివానండీ. తప్పు మీదని ఉంది.”

“నా తప్పుకు కూడా ఆయన సంతకం కావాలా?”

గుమాస్తా రూల్సు పుస్తకం తీసి తిరగేశాడు. పందొమ్మిదేళ్లలో ఎవరికీ రాని సందేహం అది, పాపం, ఆదివారం పూట అతని నెత్తిన పడింది. చివరికి ముద్ర వేసి రిజిస్టరులో నంబరు ఎక్కించి, పెద్ద ఇంజనీరుకు ఫోన్ చేసి కాగితం మొత్తం చదివి వినిపించాడు. వాల్వు ఆపమని అటునుంచి ఉత్తర్వు వచ్చింది. పిన్ని ఆ ఎండలోనే మళ్లీ ఆరు కొళాయిలకూ వెళ్లింది. ఈసారి సీసాల సంచీ నేను మోశాను. ఒక్కో కొళాయి దగ్గర మూత తీసే ముందు “తొలవను, తొలవను” అని చేతులకు చెప్పుకోవడం విని నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

సోమవారం పొద్దున ఆ వీధివాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు నిలబడి పిన్నికి వినబడేలా తిట్టారు. లోపల మరోలా. “మిల్లు కాలేజీ అని ఊరికే అన్నారా?” అని ఒకరు, “పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?” అని ఇంకొకరు. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఆరూ శుభ్రం. ఆ నీళ్లలో ఏ దోషమూ లేదు.

గుట్ట సారు సంతోషం పట్టలేక బల్ల దగ్గరికొచ్చాడు. “కొండను తవ్వి ఎలుకనైనా పట్టలేదు చూశారా! శనివారం మనం చెప్పిందే నిజమైంది. అనవసరంగా మీ పరువూ తీసుకున్నారు, నా పరువూ తీశారు.”

“శనివారం మనకు తెలీదు సార్. ఇవాళ తెలుసు. రెండూ ఒకటేనా?” అంది పిన్ని.

సాయంత్రం పెద్ద ఇంజనీరు ఇద్దరినీ పిలిచాడు. బల్ల మీద శనివారం రిపోర్టూ, ఆదివారం కాగితమూ పక్కపక్కన పెట్టి ఉన్నాయట. ఇక ఈ సంగతంతా పిన్ని చెప్పగా విన్నదే.

“ఒక్క తప్పు కూడా ఉండకూడదన్నాను” అన్నాడాయన.

“అన్నారు సార్. ఒకటుంది. వచ్చే ఏడాది మళ్లీ అర్జీ పెడతాను” అంది పిన్ని.

“అవసరం లేదమ్మా. నిన్న మీ ఒక్కరి సంతకంతో వచ్చిన కాగితం పట్టుకుని నేనొక వీధికి నీళ్లాపించాను. మీ సంతకం చెల్లదంటే, చెల్లని కాగితంతో ఊరిని ఎండబెట్టినవాణ్ణి నేనవుతాను. ఆ పేరు నాకొద్దు.” తర్వాత గుట్ట సారు వైపు తిరిగి, “ఇకమీదట ఎవరి పరీక్షకు వాళ్లే సంతకం” అన్నాడు. గుట్ట సారు తలూపాడు. ఇకనుంచి తన పరీక్షలు తనే చెయ్యాలని ఆయనకు వరండాలోకి వచ్చాక గానీ తట్టలేదట.

దీంతో లోకం మారిపోయిందని చెప్పను. ఆవిడ ఇప్పటికీ మిల్లమ్మే. జోకు మాత్రం కొత్తదొచ్చింది. “మిల్లు కాలేజీ వాళ్లకు సంతకం హక్కు ఎలా వస్తుంది?” “తప్పు చేస్తే.” దానికి అందరికంటే గట్టిగా నవ్వేది పిన్నే. పాత జోకు మాత్రం నేను మానేశాను.

మా ఇంట్లో ముందు గదిలో నా గుట్ట కాలేజీ పట్టా అద్దం కట్టి ఉంటుంది. వచ్చినవాళ్లు చూసి తీరాలని తలుపుకు ఎదురుగా పెట్టించాను. పిన్ని ఇంట్లో గోడ మీద ఏమీ లేదు. బీరువాలో, బట్టల కింద, ఆ ఆదివారం కాగితం నకలు మడత పెట్టి ఉంది. మొన్న అడిగితే తీసి చూపించింది. పందొమ్మిదేళ్లు అడిగి అడిగి సంపాదించుకున్న సంతకం అడుగున ఉంది. దాని పైన ఆవిడ రాసిన మొదటి మాట, తప్పు నాది.