ఏడు కార్డులు, ఒకే రాత

1986. నరసరావుపేటలో ఒక వారపత్రికలో నేను సబ్ ఎడిటర్‌ని. వచ్చిన రాతను దిద్ది, శీర్షిక పెట్టి, కంపోజింగుకు పంపడం ఆ ఉద్యోగం. ఆడమనిషినని వార్తలు ఇవ్వక పాఠకుల ఉత్తరాల పేజీ నా మొహాన పడేశారు. "తేలిక పనమ్మా" అన్నాడు ఎడిటర్. ఆయన ఒక్క రోజు చేసి ఉంటే తెలిసేది.

పదకొండు మందికి రాయకపోతే రక్తం కక్కుకుంటావని బెదిరించే దేవుడి కార్డులు, ఫలానా జుట్టు నూనెను పొగిడే 'పాఠకులు', పంచాయతీ ప్రెసిడెంటు గొప్పతనం గురించి ఒకే మనిషి పది పేర్లతో రాసే ఉత్తరాలు. ఈ చివరి రకాన్ని ఒకసారి గమనించక అచ్చువేసి నవ్వులపాలయ్యాం. అప్పుడు నేనే ఒక రూలు పెట్టాను. ఒకే చేతిరాతతో వేర్వేరు పేర్ల మీద వచ్చినవన్నీ రిజెక్ట్ ట్రేలోకి, అంటే చెత్తబుట్టకు ముందు మజిలీకి. ఎడిటర్ మెచ్చుకున్నాడు. నేనూ మురిసిపోయాను.

ఆ వేసవిలో పిడుగురాళ్ల నుంచి ఏడు కార్డులు వచ్చాయి. సున్నపు బట్టీ పైకి రాయి మోసే చెక్కల దారి పుచ్చిపోయింది, ఎవరైనా పడకముందే మార్పించండి అని. ఏడు పేర్లు, ఏడు వేలిముద్రలు, రాత మాత్రం ఒక్కటే. నాటకం బాగానే ఆడుతున్నారనుకుని ట్రేలో వేశాను. అదే వారం, ఆ బట్టీ యజమాని బడికి బల్లలిచ్చాడని మెచ్చుకుంటూ మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడు రకాల రాత, మూడు రంగుల సిరా, పూర్తి చిరునామాలు. మూడూ వేశాను.

నెల తిరక్కముందే ఒకామె ఆఫీసుకొచ్చింది. పేరు ఖాసింబీ, లారీ మెకానిక్ భార్య, పిడుగురాళ్లలో బట్టీ కూలీల ఇళ్ల లైనులోనే కాపురం.

"ఉత్తరాలు చూసేది నువ్వేనా అమ్మా?"

"నేనే. కూర్చోండి."

"కూర్చోను. మా బట్టీ కార్డులు ఏం జేశావు? చెక్క ఇరిగి మా మరియమ్మ కిందబడింది. గుంటూరాసుపత్రిలో కాలు తీసేశారు."

నోరు ఊరుకోదు గదా నాకు. "ఏడూ ఒక్కరే రాశారు. మేమెట్లా నమ్మేది?" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే. "మా లైనులో అచ్చరాలొచ్చింది నాకొక్కదానికే గదమ్మా! ఒక్కొక్కరొచ్చి చెప్పారు, నేను రాశాను. ఏలిముద్ర ఎవరిది వాళ్లే ఏశారు. ఈసారి ఎడమ చేత్తో రాసుకురమ్మంటావా?"

ఆమె వెళ్లాక ట్రే వెతికాను. కార్డులు ఇంకా అందులోనే ఉన్నాయి. తీసుకెళ్లి ఎడిటర్ ముందు పెట్టాను.

"ఇవి వేద్దాం. నా రూలు తప్పు."

"మనిషి పడిపోయింది గదా, ఇంకేం వేస్తాం? పాతబడిపోయినయ్."

"ఇక మీద వేలిముద్ర ఉంటే ఊరికెళ్లి కనుక్కుందాం."

"మనది పత్రికా, పోలీస్ స్టేషనా? అయినా రూలు నీదే గదమ్మా."

గొంతు చించుకుని అరిచాను. మరియమ్మ కాలు మూడో పేజీలో నాలుగు లైన్ల వార్తయింది. యజమాని పేరు లేదు.

మోసం చేసేవాడికి తీరిక ఉంటుంది, ముగ్గురితో మూడు పెన్నులతో రాయిస్తాడు. నా జల్లెడ వాణ్ణి వదిలి, కష్టం చెప్పుకున్నవాళ్లను పట్టుకుంది. ఆ తర్వాత వేలిముద్ర ఉన్న కార్డును విచారించకుండా ఏనాడూ ట్రేలో వేయలేదు. బస్సు ఛార్జీలు నావే. అయినా ఒకటి రెండు బూటకాలు అచ్చయ్యాయి, తిట్లు తిన్నాను.

ఖాసింబీ మాత్రం మళ్లీ కార్డు రాయలేదు.