మా అమ్మాయి చలిమిడి, నిడదవోలు తంతి

తంతి అంటే మన ఇళ్ళకి ఎందుకొస్తుంది చెప్పండి? ఎవరైనా పోతే వస్తుంది, లేదా దూరాన ఎవరికైనా పురుడొస్తే వస్తుంది. నామీద మాత్రం రెండు నెలల కిందట నేను తిన్న తిండి గురించి వచ్చింది! తాడేపల్లిగూడెం స్టేషనులో గంట కొట్టేవాడితో సహా అందరికీ తెలిసిపోయింది. నలుగురిలో నోరు విప్పలేను గనక కాగితం మీద పెడుతున్నాను. మీరెలాగూ నవ్వుతారు. ఎదురుగా లేను, అదే నయం.

మాది కొల్లేటి ఒడ్డున పల్లె. నాకు వరాలు ఒక్కతే కూతురు. అది పుట్టాక పద్దెనిమిదేళ్ళు నాకు మళ్ళీ కడుపు నిలవలేదు. దాన్ని తాడేపల్లిగూడెం ఇచ్చాం. అల్లుడు ఆ స్టేషనులోనే తంతి గుమాస్తా. వరాలికి తొలిచూలు, మూడో నెల. వేవిళ్ళతో మంచినీళ్ళు కూడా ఇమడటం లేదనీ, "అమ్మ చేతి చలిమిడైతే ఇముడుతుందేమో" అంటోందనీ కబురొచ్చింది. మూడో నెలలో తల్లి గుట్టుగా చలిమిడి పట్టుకెళ్ళి కూతురి ఒడిలో పెట్టడం మీకు తెలిసిందే కదా, దొంగ చలిమిడని. ఊరందరికీ పంచేది కాదు గనక కొంచెమే చేస్తాం. సోలెడు బియ్యం నానబోసి, తడిపిండి కొట్టి, బెల్లం పాకం పట్టి, ఏలకులూ నేతిలో వేయించిన కొబ్బరిముక్కలూ వేసి, ఇత్తడి గిన్నెలో పెట్టి మూతేశాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అంతకు ముందు నెల పైనుంచీ నాకూ ఒంట్లో బాగుండటం లేదు. కొల్లేటి గాలి పీల్చి పెరిగినదాన్ని, చేపల బుట్ట గుమ్మంలోకి వస్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దొడ్లోకి పరిగెత్తేదాన్ని! మా వారు "పైత్యం చేసింది, శొంఠి తిను" అన్నారు. తిన్నాను. నెలసరి ఆగి మూడు నెలలైంది. వయసు మళ్ళుతోంది, ఉడిగిపోయిందనుకున్నాను. ఇంకేమనుకుంటాను?

ఊడ్పుల రోజులు. మా వారికి తీరిక లేదు. దోనె మీదా, తరవాత బండి మీదా భీమడోలు తీసుకొచ్చి, ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, "గిన్నె మూత వదులుగా ఉంది, చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. అదే కొంప ముంచింది.

మూత సరిచేద్దామని తీస్తే ఏలకుల వాసన గుప్పుమంది. నెల్లాళ్ళుగా ఏ వాసనా సయించని ముక్కు, ఆ వాసనకి మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. అంచున పాకం కారుతోంది. వేలితో తుడిచాను. తుడిచిన వేలు ఏం చెయ్యను? నోట్లో పెట్టుకున్నాను.

ఎదురుగా కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చుంది. ఏలూరు ఆసుపత్రిలో లేడీ డాక్టరట, రాజమండ్రి వెళుతోంది.

"ఎవరికమ్మా ఆ చలిమిడి?" అంది.

"మా అమ్మాయికండీ. మూడో నెల. ఏమీ ఇమడటం లేదండీ."

"భయపడకండి. కడుపుతో ఉంటే రక్తంలో కొత్త రసాలు చేరతాయి. హార్మోన్లంటాం. అందులో ఒకటి మొదటి రెండు మూడు నెలలూ పాలపొంగులా ఎక్కుతుంది. తరవాత అదే దిగిపోతుంది. చాలామందికి ఆ వేళకి వేవిళ్ళూ తగ్గుతాయి."

"రక్తంలో ఎక్కేదానికి కడుపులో తిప్పడం ఎందుకండీ?" అన్నాను, చిన్న ముద్ద తుంచుతూ.

"అది మాకూ సరిగ్గా తెలియదమ్మా," అని నవ్వింది.

డాక్టరు కూడా తెలియదంటుందా! నాకు ఆవిడంటే చనువొచ్చింది. నాకు చనువొస్తే మాట రాదు, ఊ కొడతాను. ఆవిడ చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను, వేళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. పుల్ల స్టేషను దాటేసరికి పైన కొబ్బరిముక్కలు లేవు. చేబ్రోలులో సగం లేదు.

"మీకు నెలనెలా సరిగ్గానే వస్తోందా?" అని అడిగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. "ఉడిగిపోయిందండీ. మూడు నెలలైంది," అన్నాను గొణుగుతూ.

ఆవిడ నా మొహం చూసింది. గిన్నె చూసింది. "అలాగా. తినండి, తినండి," అంది.

తినండి అంటుందేమిటి? గిన్నెలోకి చూద్దును కదా, అడుగున నా మొహం మెరుస్తోంది!

తాడేపల్లిగూడెంలో దిగేముందు ఖాళీ గిన్నెకి మూతేసి సంచి అడుక్కి తోసేశాను. అల్లుడు డ్యూటీలో ఉండి, కూలీని తోడిచ్చి క్వార్టర్సుకి పంపించాడు. అక్కడ మా వియ్యపురాలు పీట వేసి, పసుపూ కుంకుమా సిద్ధం చేసి కూర్చుంది. వరాలు గోడకి జారబడి ఉంది. బుగ్గలు పీక్కుపోయాయి. నన్ను చూడగానే దాని కళ్ళు విచ్చుకున్నాయి.

"తెచ్చావా అమ్మా?"

ఉన్నమాట చెప్పెయ్యాల్సింది. ఇప్పటికీ రోజూ అనుకుంటాను, ఆ గడపలోనే చెప్పేసి ఉంటే ఎంత బాగుండేదో అని. నోరు రాలేదు. "గిన్నె రైల్లో మరిచిపోయానే," అన్నాను.

దాని మొహం చూడలేకపోయాను. ఏడిస్తే బాగుండేది. "పోనీలే అమ్మా," అని మళ్ళీ గోడకి జారబడింది.

కానీ మా వియ్యపురాలు పోనీలే అనే మనిషి కాదు. "అయ్యో, అదెంత పని వదినగారూ! మనవాడు ఉన్నదెందుకు? తంతి కొడితే నిడదవోలులో దింపించేస్తారు!" అంది. సరిగ్గా అప్పుడే అల్లుడు భోజనానికి వచ్చాడు.

అల్లుడి ఎదుటపడి మాట్లాడే అలవాటు నాకు లేదు. వంటింటి తలుపు వెనక్కి చేరాను. "వద్దు వదినగారూ, పోతే పోయింది," అని అక్కణ్ణించే బతిమాలాను.

"పోతే పోయిందేమిటండీ! తొలిచూలు పిల్ల నోటి దగ్గరిది!"

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది.

"వరాలూ, మీ ఆయన్ని వద్దనవే," అన్నాను.

"ఎందుకమ్మా, దొరికితే మంచిదే కదా," అంది అది.

"ఎలాంటి గిన్నె అత్తయ్యగారూ?" అని అల్లుడు మర్యాదగా తలుపునడిగాడు. "ఇత్తడిది," అన్నాను తలుపు చాటునుంచి. తినే విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని స్టేషనుకి పరిగెత్తాడు. ఖాళీ గిన్నె నా సంచిలోనే ఉంది. ఆ సంచిని తలుపు వెనక మూలకి తోసి, దానికి అడ్డంగా కూర్చున్నాను.

గంట తరవాత అల్లుడు తిరిగొచ్చాడు. చేతిలో నిడదవోలు నుంచి వచ్చిన తంతి కాగితం. మొహం మాత్రం ఎటు పెట్టుకోవాలో తెలియనట్టుంది.

"దొరికిందా నాన్నా?" అంది వాళ్ళమ్మ.

"వచ్చింది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబుతాను," అని దగ్గి చదివాడు. "గిన్నె బండిలో లేదు. పెద్దావిడ తనతో తీసుకుని దిగారు. చలిమిడి అంతా దారిలో ఆవిడే తిన్నారు. తల్లినీ కూతుర్నీ ఇద్దర్నీ ఏలూరు ఆసుపత్రికి తీసుకురండి. లేడీ డాక్టరు."

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. వరాలు లేచొచ్చి నా వెనకనుంచి సంచి లాగి గిన్నె బయటికి తీసింది. తోమి పెట్టినట్టుంది. ఒక్క తిట్టు తిట్టలేదు. మూత లోపలి అంచున అంటుకున్న కాస్తంత చలిమిడిని గోటితో గీకి నోట్లో వేసుకుంది. ఇంటిల్లిపాదీ దాన్నే చూస్తున్నాం. వాంతి కాలేదు.

అది ఇమిడింది. గిన్నెడు తెచ్చి ఉంటే గిన్నెడూ ఇమిడేది. ఆ గోరు గీకిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

మా వియ్యపురాలు తలుపు చాటుకి వచ్చి నా చెవిలో నెలసరి సంగతి అడిగింది. ఉడిగిపోయిందన్నాను. "వదినగారూ, ఉడిగిపోయిందన్నది ఎవరండీ?" అంది. "నేనేనండీ," అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఆపడానికి ఆవిడ చాలా కష్టపడింది పాపం.

మర్నాడు ఆవిడే పిండి కొట్టి, చలిమిడి చేసి, ముందు వరాలి ఒడిలో, తరవాత నా ఒడిలో పెట్టింది. కూతురి పక్కన కూర్చుని ఒడి పట్టాను! తల ఎత్తితే ఒట్టు.

ఏలూరులో డాక్టరమ్మ ఇద్దర్నీ చూసింది. "ఉడిగేటప్పుడు రక్తంలో ఆ రసాలు కొన్ని తగ్గుతాయి, కడుపుతో ఉంటే పెరుగుతాయి. నెలసరి ఆగడం మాత్రం రెండింట్లోనూ ఒక్కటే. అందుకే పొరబడ్డారు," అంది. మొదట్లో ఎక్కింది దిగిపోయినా, తక్కినవి నెల నెలా పెరుగుతూ కానుపుదాకా ఉండి, బిడ్డ పుట్టగానే పడిపోతాయట. "ఆడవాళ్ళ మూత్రం చిట్టెలుకలకి సూదితో ఎక్కించి ముందుగా తెలుసుకునే పరీక్ష కూడా వచ్చింది. మీకు ఎలుకలక్కర్లేదు, ఆ గిన్నె చాలు!" అంది. కబురందుకుని వచ్చిన మా వారు నవ్వారు. పద్దెనిమిదేళ్ళ తరవాత ఆయన్ని అంత సంతోషంగా చూశాను. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఎందుకంటే, తొలికానుపు పుట్టింట్లో జరగాలి. మా అమ్మ నాకు చేసింది, నేను వరాలికి చెయ్యాలి. పథ్యం వండటం, నూనె రాయటం, చంటిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యటం, అన్నీ ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్నాను. ఇద్దరికీ కానుపు ఒకే నెలలో వస్తుందంది డాక్టరమ్మ. ఇంక నేను ఎవరికి పొయ్యను, నాకెవరు పోస్తారు? "పిల్ల కానుపు మా దగ్గరే కానివ్వండి వదినగారూ," అంది వియ్యపురాలు, మంచి మాటగానే. సరేనన్నాను. ఇంటికొచ్చి పాత ఉయ్యాల దింపి తుడుస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. ముందు చలిమిడి తిన్నాను, తరవాత కానుపూ నేనే మింగేశాను దానిది.

ఇప్పుడు ఇద్దరికీ ఐదో నెల. ఎక్కాల్సింది ఎక్కి దిగిపోయినట్టుంది, ఇద్దరికీ అన్నం సయిస్తోంది. ఐదో నెల చలిమిడి వియ్యపురాలే చేస్తానంది గానీ, వరాలు ఒప్పుకోలేదట. మొన్న అల్లుడు పనిమీద ఇటు వచ్చి, ఈసారి తనే తలుపు చాటుకి చేరి ఆ కబురు చెప్పాడు.

"అత్తయ్యగారూ, చలిమిడి మీరే చేసి తేవాలట. రెండు గిన్నెలు తెమ్మంది. ఒకటి తనకి, ఒకటి రైలుకి."

నేను మూడు గిన్నెలకి బియ్యం నానబోశాను. దారిలో రైలు ఆలస్యమైతేనో?