రోగం రాని ఇల్లు

పొద్దున జహీరాబాద్‌లో ఒక గల్లీ మోరీల వెంట బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నారు. ఆ ఘాటుకు జనం కొంగులూ రుమాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుని పోతుంటే, నేను మాత్రం నిలబడిపోయాను. నాకది వసుంధర మేడం వాసన. ఆమె చేతిసంచీ, జీపు సీటూ, ఆఖరికి ఆమె నాకు పెట్టే అటుకులు కూడా ఆ వాసనే వేసేవి. అప్పట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు దానికోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

రోగం ఊళ్లో ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది అని వెతకడం ఆమె ఉద్యోగం. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన నన్ను వెంట తిప్పుకునేవారు. ఒక చలికాలం ఝరాసంగం దగ్గర ఒక ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఊరవతల, చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ల గుడిసెలున్నాయి. మేం వెళ్లేసరికే ఊరి పెద్ద తీర్పు చెప్పేశాడు.

"ఆల్లొచ్చినంకనే గీ బీమారి మొదలైంది మేడం. పొద్దుగూకేలోపల గుడిసెలు పీకిస్త."

ఆ గుడిసెల్లో ఒకామెకు నెలలు నిండాయి. ఆ స్థితిలో ఎద్దుల బండెక్కి ఎక్కడికి పోతుంది?

"పొద్దుగూకేదాక టైముంది గదా, అప్పటిదాక మాకియ్యున్రి," అన్నారు మేడం. నేను మంచాన పడ్డవాళ్ల ఇళ్లవైపు బయల్దేరితే ఆపారు. "రోగమొచ్చినోల్లు సగం ముచ్చటే చెప్తరు. తక్కిన సగం రానోల్ల దగ్గరుంటది. పా."

గుడిసెల దగ్గర మరాఠీలో మాట్లాడారు. అక్కడ ఒక్కరికీ జబ్బు లేదు. ఊళ్లో, ఎత్తు మీదున్న ఒక ఇంట్లోనూ అందరూ బాగున్నారు. "అవ్వా, ఊరంత మంచాన వడ్డది, మీ ఇంట్ల ఎందుకు రాలె?" అని మేడం అడగగానే ముసలమ్మ ముఖం మాడిపోయింది.

"గదేం మాట బిడ్డ? పచ్చగున్న ఇంటికి దిష్టి పెడ్తవా?" అంటూ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మనవల చుట్టూ తిప్పసాగింది. నాకు పారిపోదామనిపించింది. మేడం నిమ్మళంగా వెళ్లి ఆ పిల్లల పక్కనే కూర్చున్నారు.

"నాకు గూడ తియ్యవ్వ. ఊరూరు తిరుగుత, ఎన్ని కండ్లు వడ్డయో."

ముసలమ్మ నవ్వేసింది. ఇక మాటలు వాటంతటవే వచ్చాయి. నల్లా నీళ్లు ఆ ఎత్తుకు ఎక్కవట. చెరుకు తోట బోరు నుంచి బిందెలతో మోసుకుంటారట. గుడిసెలవాళ్లు తాగేదీ ఆ బోరు నీళ్లే. తర్వాత తిరిగి చూస్తే, జబ్బుపడ్డ ఇళ్లన్నీ నల్లా నీళ్లు తాగినవే. పైపు వెంట నడిచాం. మోరీ దాటే చోట అది పగిలి, మురికి లోపలికి పోతోంది.

మేం పిలిపిస్తే వచ్చిన ఊరి పెద్ద వంగి ఆ పగులును చూశాడు. "నల్లా బంద్ చెయ్యున్రి," అన్నాడు. గుడిసెల జోలికి ఎవరూ పోలేదు. కొద్దిరోజులకు ఆ తల్లి జహీరాబాద్ దవాఖానలో ఆడపిల్లను కన్నది. మేడం చూడటానికి వచ్చి, పిల్లను ఎత్తుకోకుండానే మురిసిపోయారు. చేతులు బ్లీచింగ్ వాసనొస్తున్నాయట.

మేడం గుండెపోటుతో పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఈ గల్లీలో కామెర్లు. పొద్దున నేను ముందుగా కామెర్లు రాని ఇంటి తలుపే కొట్టాను. మీ ఇంట్లో ఎందుకు రాలేదని అడిగితే ఆ ఇల్లాలు కనుబొమలు ముడిచింది.

"నాకు గూడ దిష్టి తియ్యక్కా," అన్నాను.

ఆమె నవ్వి లోపలికి రమ్మంది. చెప్పులు విడిచి, అలవాటు చొప్పున గడప దగ్గర పక్కకు జరిగాను, మేడం ముందు వెళ్లడానికి.